మూత చప్పుడు

రొట్టెల డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడం ఒక విద్య. మేస్త్రికి ఆ విద్య బాగా పట్టుబడింది. ఎడమ అరచేతిని మూత మీద గట్టిగా ఆనించి, కుడి బొటనవేలితో అంచును కాస్త కాస్తగా పైకి తోస్తే, ఆ రేకు మూత కిక్కురుమనకుండా చేతిలోకి వచ్చేస్తుంది. ఏళ్ళ తరబడి పెయింటు డబ్బాల మూతలు తీసిన వేళ్ళు కదా, ఇంట్లో డబ్బా వాటికొక లెక్కా?

దీపం వెయ్యడు. నిలబడే తింటాడు. కూర్చుంటే భోజనం అవుతుంది, నిలబడితే ఊరికే ఏదో నోట్లో వేసుకున్నట్టు. తన్ను తాను మోసం చేసుకునే మనిషికి ఇలాంటి లెక్కలు బోలెడు దొరుకుతాయి. మొదటి బన్ను ఆకలికి తింటాడు, రెండోది రుచికి. ఆ తర్వాతవి ఎందుకు తింటున్నాడో అడిగితే చెప్పలేడు. నములుతున్నంతసేపూ ఒంట్లో వణుకు తగ్గినట్టే ఉంటుంది. మింగగానే మళ్ళీ మొదలవుతుంది. అలా తింటూ తింటూ ఉండగా వేళ్ళకు డబ్బా అడుగు తగులుతుంది. 

“అయిపోయింది. మళ్ళీ తినేశాను. రేపు ఉయ్యాల ఎలా ఎక్కను?”

ఈ ఉయ్యాల పిల్లలు ఊగేది కాదు. ఎత్తయిన భవనాల గోడలకు బయటవైపు రంగు వేసేవాళ్ళు నిలబడే ఇనుప తొట్టి. మేడ మీంచి రెండు ఇనుప దూలాలు గాలిలోకి చాచి ఉంటాయి. వాటి కొసల నుంచి తాళ్ళు దిగుతాయి, తాళ్ళకు ఉయ్యాల వేలాడుతుంది. రెండు చివర్లా రెండు మోటార్లు, చెరో మీట. ఇద్దరు మనుషులు ఒకేసారి మీటలు నొక్కితే ఉయ్యాల సమంగా పైకో కిందికో కదులుతుంది. దూలాలు ముందుకు ఒరిగిపోకుండా వాటి వెనక కొసల మీద సిమెంటు దిమ్మలు పేరుస్తారు. ఎంత బరువు కిందికి దిగుతుందో దాన్ని బట్టి పైన ఎన్ని దిమ్మలో లెక్క.

ఆ దిమ్మల బాధ్యత ఒక ముసలాయనది. అందరూ దిమ్మల తాత అంటారు. తాతకు ఒక పద్ధతి ఉంది. ఉయ్యాల ఎక్కే ప్రతి మనిషీ తన బరువు తన నోటితో చెప్పాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెబితే ఒప్పుకోడు. పాతవాళ్ళయితే రోజూ అంకె చెప్పనక్కర్లేదు. తాత దిమ్మల పక్కన గొంతుక్కూర్చుని “ఎప్పటిదేనా?” అంటాడు. వీళ్ళు “ఎప్పటిదే” అంటారు. ఆ మాట విన్నాకే పిట్టగోడ దాటనిస్తాడు. తూకం లేదు, సంతకం లేదు, మనిషి మాటే లెక్క. ఆ ముఠాలో తాత పద్ధతిని వెక్కిరించినవాడు లేడు, అబద్ధం చెప్పినవాడూ లేడు.

మేస్త్రి మాత్రం కొన్ని నెలలుగా ప్రతి ఉదయం అబద్ధం చెబుతున్నాడు. పోనీ ఒక్కడే వేలాడితే వాడి ప్రాణం వాడి ఇష్టం అనుకోవచ్చు. ఆ ఉయ్యాల రెండో చివర నిలబడేది అతని బావమరిది. పెళ్ళాం తోడబుట్టినవాడు. సన్నగా ఉంటాడని అందరూ పుల్ల అని పిలుస్తారు. ఇటీవలే తండ్రి అయ్యాడు, పాపకు ఇంకా పళ్ళయినా రాలేదు. తను మింగిన ప్రతి ముక్కా పుల్ల ప్రాణం మీదికి వస్తుందన్న భయం మేస్త్రిని పగలూ రాత్రీ పీక్కుతింటోంది. ఆ భయానికి అతనికి తెలిసిన మందు ఒక్కటే. అది డబ్బాలో ఉంటుంది.

ఇదంతా ఎక్కడ మొదలైందో అతనికి బాగా గుర్తు. అప్పుడు పక్క భవనానికి వేరే ముఠా రంగు వేస్తోంది. ఉన్నట్టుండి వాళ్ళ ఉయ్యాల ఒక వైపు కిందికి జారింది. మడతబందు ఊడిన తలుపులా నిలువునా వేలాడింది. అందులోని ఇద్దరూ నడుం బెల్టులకు వేలాడుతూ అరిచిన అరుపులు మేస్త్రి ఎదురు గోడ మీద నుంచి విన్నాడు. రంగు డబ్బా ఒకటి దొర్లుకుంటూ కిందికి పోయి పడ్డ చప్పుడు కూడా విన్నాడు. కిటికీలోంచి లోపలికి లాగి ఇద్దరినీ బతికించారు. వాళ్ళలో ఒకడు మళ్ళీ పనిలోకి రాలేదు.

ఆ రాత్రి మేస్త్రి చెమటలు పట్టి లేచాడు. మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాడు. అతని భార్య బేకరీలో పొట్లాలు కట్టే పని చేస్తుంది. సాయంత్రం అమ్ముడుపోని బన్నులూ రొట్టె ముక్కలూ సంచిలో తెచ్చి డబ్బాలో పోస్తుంది. ఆ డబ్బా ఎదురుగా కనిపించింది. ఒక బన్ను తిన్నాడు. వణుకు తగ్గింది. వెళ్ళి పడుకుంటే హాయిగా నిద్ర పట్టింది. మర్నాడు రాత్రి రెండు తిన్నాడు. మందుకైతే మోతాదు ఉంటుంది, బన్నుకు ఏముంటుంది?

చొక్కా గుండీలు బిగుతవుతున్నాయని తెలిశాక ఒక ఆదివారం పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాడు. అక్కడ పెద్ద కాటా ఉంది.

“ఏం తెచ్చావు మేస్త్రీ? ఇనుమా, ఇత్తడా?” అన్నాడు కొట్టువాడు.

“ఏమీ తేలేదు. నన్నే ఒకసారి తూచు.”

“నిన్ను కొనాలంటే ఏ ధర కట్టమంటావు? తుప్పు పట్టినట్టున్నావు, తరుగు తీస్తాను మరి” అంటూ కొట్టువాడు పకపకా నవ్వి కాటా చూపించాడు. మేస్త్రి ఎక్కాడు. ముల్లు కదిలి, తాను తాతకు చెప్పే బరువు దగ్గర ఆగకుండా దాటిపోయింది. దాటి ఇంకా పోయింది. కొట్టువాడు “బాగానే పట్టించావే!” అన్నాడు. మేస్త్రికి దిగడానికి పక్కనున్న పాత బీరువాను పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాతకు నిజం చెబుదామనుకున్నాడు. మెట్లెక్కుతున్నంతసేపూ మాటలు కూర్చుకున్నాడు. తీరా తాత తలెత్తి “ఎప్పటిదేనా?” అనేసరికి, పక్కనే పుల్ల బెల్టు బిగించుకుంటూ ఈల వేస్తుంటే, నాలుక దానంతటదే “ఎప్పటిదే” అనేసింది. చెబితే ఎందుకు లావెక్కావంటారు. ఎందుకంటే రాత్రిళ్ళు దొంగలా బన్నులు తింటున్నానని చెప్పాలి. ఎందుకు తింటున్నావంటే భయమని చెప్పాలి. అందరికీ ధైర్యం చెప్పే మేస్త్రికి భయమా! చచ్చినా చెప్పలేడు.

చెప్పలేడు కాబట్టి ఒక ఉపాయం పన్నాడు. ఉయ్యాల మీద ఉన్నంతసేపయినా తేలిగ్గా ఉండాలి, అంతే కదా? కాబట్టి పగలంతా తినకూడదు. పొద్దున మంచినీళ్ళు తాగి బయల్దేరేవాడు. మధ్యాహ్నం కిందికి దిగితే పని పాడవుతుందని వాళ్ళిద్దరూ ఉయ్యాల మీదే తినడం అలవాటు. ఇద్దరి డబ్బాలూ ఒక సంచిలో పెట్టి ఉయ్యాల కడ్డీకి తగిలించేవారు. తినే వేళ కాగానే మేస్త్రి తన డబ్బా పుల్ల చేతిలో పెట్టేవాడు.

“నువ్వు తినవా బావా?”

“పొద్దున గట్టిగా లాగించాను. మీ అక్క చేతి వంట, పారెయ్యడం ఎందుకు? నువ్వు తిను.”

పుల్ల రెండు డబ్బాలూ ఖాళీ చేసి వేళ్ళు నాకేవాడు. మేస్త్రి గోడ వైపు తిరిగి బ్రష్షు ఆడించేవాడు. కడుపు కరకరలాడుతుంటే, ఆహా ఎంత తేలిగ్గా ఉన్నానో అనుకునేవాడు. ఇందులో ఉన్న తిరకాసు అతనికి తట్టనే లేదు. భయపడ్డ మనిషి బుర్ర ఒకే దారిన నడుస్తుంది మరి.

పగలంతా నోరు కట్టుకున్నవాడికి రాత్రి ఆ నోటిని ఆపడం ఎవరి తరం? పళ్ళు తోముకుని పడుకుంటే నోరు ఆగుతుందని ఎక్కడో విని తోముకున్నాడు. తిన్నాక మళ్ళీ తోముకున్నాడు, అంతే తేడా. చెంబుల కొద్దీ నీళ్ళు తాగాడు. వంటగది గొళ్ళేనికి ఇనుప తీగ మెలిపెట్టి పటకారుతో బిగించాడు. రాత్రి ఆ వేళ్ళే, ఆ పటకారుతోనే, చీకట్లో తీగ విప్పాయి. పొద్దున భార్య ఆ తీగను చేతిలో పట్టుకుని “ఇదేమిటయ్యా?” అంటే, “ఎలకలు” అన్నాడు.

“గొళ్ళెం తీసే ఎలకలు మనింట్లోనే ఉన్నాయి కాబోలు” అందామె.

ఒకసారి కాస్త కోపంగానే అన్నాడు. “ఎందుకు తెస్తావు రోజూ ఆ బన్నులన్నీ?”

“అక్కడ పారేస్తారయ్యా. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు తింటారు.”

“ఉన్నది ఇద్దరమే కదా, ఎవరు తింటారు?”

“ఎవరో ఒకరు” అంటూ ఆమె డబ్బా నిండా పోసి మూత పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఒక రోజు ఎండ బాగా ఉంది. ఉయ్యాల భవనం పై అంతస్తుల దగ్గరుంది. కింద మనుషులు చీమలంత. ఒక వరస పూర్తయింది, కాస్త కిందికి దిగాలి. “నొక్కు బావా” అన్నాడు పుల్ల. ఇద్దరూ మీటలు నొక్కారు. మేస్త్రికి గోడ తెల్లగా కనిపించింది, ఆ తర్వాత గోడ కనిపించలేదు. చెవుల్లో హోరు. దూరం నుంచి ఎవరో “చాలు, ఆపు” అంటున్నట్టు వినిపించింది. తర్వాత అదే గొంతు కేక పెట్టింది.

“బావా! వదులు! మీట వదులు!”

కళ్ళు తెరిచేసరికి కాళ్ళ కింద పలక పక్కకు జారుతోంది. తన వైపు కిందికి, పుల్ల వైపు పైకి. రంగు డబ్బా జరజరా తన మీదికి వచ్చి మోకాలికి తగిలింది. రంగు చిమ్మి గాలిలోకి పోయింది. మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇదే, ఇన్నాళ్ళుగా భయపడ్డది ఇదే. దూలం ఒరిగిపోతోంది. నా బరువుకే ఒరిగిపోతోంది. పాపకు ఇంకా పళ్ళు కూడా రాలేదు.

పుల్ల కడ్డీ పట్టుకుని పాకుతూ వచ్చి, మేస్త్రి చేతిని మీట మీంచి లాగి పారేసి, మోటార్లు ఆపే ఎర్ర బొత్తాన్ని గుద్దాడు. ఉయ్యాల ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ఏటవాలుగా, గాలిలో, కిర్రుకిర్రుమంటూ.

పుల్ల తన చివరికి పాకి, తన వైపు కొంచెం కొంచెంగా దించి ఉయ్యాలను సమం చేశాడు. అప్పుడు పైనుంచి తాత కేక వినిపించింది. “ఏరా, ఏమైంది?”

“ఏం లేదు తాతా! మీట పట్టేసింది!” అని పుల్ల అరిచాడు.

మేస్త్రి పలక మీద చతికిలబడ్డాడు. “మీట కాదురా. నేనే. నా బరువే. తాతకు రోజూ అబద్ధం చెబుతున్నాను. రాత్రిళ్ళు లేచి తినేస్తున్నానురా. ఆపుకోలేకపోతున్నాను. నిన్ను చంపేసేవాణ్ణిరా ఇవాళ” అంటూ బావురుమన్నాడు.

పుల్ల అతన్ని విచిత్రంగా చూశాడు. “బరువేమిటి బావా? ఆపమన్నా నీ చెయ్యి మీట మీదే ఉండిపోయింది. నీ కళ్ళు మూతలు పడ్డాయి, నేను చూశాను. ఇవాళ పొద్దున ఏం తిన్నావు?”

“మంచినీళ్ళు.”

“నిన్న?”

మేస్త్రి గోడ వైపు తిరిగాడు. పుల్ల కడ్డీకి తగిలించిన సంచి అందుకుని, మేస్త్రి డబ్బా తెరిచి అతని ఒళ్ళో పెట్టాడు. “ముందు తిను.”

“వద్దురా, బరువు!”

“ఆ డబ్బా పొద్దుట్నుంచీ ఈ ఉయ్యాల్లోనే కదా బావా ఉంది! సంచిలో ఉంటే ఒక బరువూ, నీ కడుపులో ఉంటే ఇంకో బరువూనా? ఇన్నాళ్ళూ అది నేను తిని నీ పక్కనే కదా నిలబడ్డాను!”

మేస్త్రి డబ్బా వంక చూశాడు, పుల్ల పొట్ట వంక చూశాడు. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. పుల్లకూ వచ్చింది. ఇద్దరూ కడ్డీలు గట్టిగా పట్టుకుని, కిందికి చూడకుండా, వణుకుతూ నవ్వారు. తర్వాత మేస్త్రి తిన్నాడు. పట్టపగలు, ఇంకొక మనిషి చూస్తుండగా, కూర్చుని తిన్నాడు. ఎన్నాళ్ళయిందో అలా తిని.

సాయంత్రం పుల్ల తన ఇంటికి పోకుండా నేరుగా అక్క దగ్గరికి వచ్చి జరిగిందంతా చెప్పేశాడు. ఆమె మొహంలో రంగు పోయింది. ముందు తమ్ముడి చెయ్యి పట్టుకుంది, తర్వాత మొగుడి చెయ్యి పట్టుకుంది. రెంటినీ తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు వెళ్ళాక మొగుడి వైపు తిరిగింది.

“నాకు తెలుసయ్యా, నువ్వు లేచి తింటావని.”

“ఎలా తెలుసు? చప్పుడే చెయ్యను కదా.”

“చెయ్యవనే అనుకుంటావు. నేను దాని కోసమే చెవులు రిక్కించుకుని పడుకుంటాను. ఆ పక్క భవనం ఉయ్యాల అలా వేలాడిందని నువ్వు చెప్పిన రోజు నుంచీ నాకూ నిద్ర లేదు. కళ్ళు మూస్తే నువ్వూ వాడూ కనబడతారు, గాల్లో. ఎక్కడున్నానో, అది కలో నిజమో తెలియదు. అప్పుడు వంటగదిలో మూత వినబడుతుంది. హమ్మయ్య, మనిషి ఇంట్లోనే ఉన్నాడు, నేల మీదే ఉన్నాడు అనుకుంటాను. అప్పుడు నిద్ర పడుతుంది.” ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “డబ్బా ఖాళీ అయితే నువ్వు లేవవేమోనని రోజూ నింపుతూ వచ్చాను. నేనే పాడు చేశాను నిన్ను.”

మేస్త్రి వంటగది వైపు చూశాడు. ఒకే మంచం మీద ఇద్దరూ ఒకే భయంతో పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు అతని పొట్ట పెంచుతూ వచ్చారన్నమాట.

మర్నాడు ఇంట్లో కడుపు నిండా తిని బయల్దేరాడు. మేడ మీద దిమ్మల పక్కన తాత గొంతుక్కూర్చుని ఉన్నాడు. పుల్ల ఈల వెయ్యడం లేదు.

“ఎప్పటిదేనా?” అన్నాడు తాత.

“కాదు.”

తాత నోటి దాకా ఎత్తిన బీడీ అక్కడే ఆగిపోయింది. మేస్త్రి అసలు బరువు చెప్పాడు. ఎన్నాళ్ళ నుంచి అబద్ధం చెబుతున్నాడో, నిన్న మీట దగ్గర కళ్ళు ఎలా మూతలు పడ్డాయో చెప్పాడు. ముఠా అంతా వింటుండగానే చెప్పాడు. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు.

తాత లేచాడు. ఎప్పుడూ కోప్పడని మనిషి అరిచాడు. “నీ నోటి మాట మీద దిమ్మలు పేర్చానురా నేను! ఏదన్నా జరిగుంటే, నా చేతులతో నేనే చంపినట్టు కాదూ మీ ఇద్దర్నీ?” అని చేతులు చాపి చూపించాడు. కాసేపటికి ఆయనే తగ్గి, “కిందికి పో. రంగు కలుపు. నీ ఒళ్ళూ నీ కళ్ళూ కుదుటపడ్డాక ఎక్కుదువుగానీ” అన్నాడు.

పుల్ల పక్కన ఇంకొకడు ఎక్కాడు. మేస్త్రి కింద నిలబడి రంగు కలిపాడు. ఉయ్యాలలో ఉన్నవాడికి గోడ కనిపిస్తుంది, బ్రష్షు కనిపిస్తుంది, చేతికి పని ఉంటుంది. కింద ఉన్నవాడికి కనిపించేది ఆకాశంలో వేలాడే చిన్న పెట్టె ఒక్కటే. గాలి వీచినప్పుడల్లా అది గోడకు తగిలి పక్కకు వచ్చేది. అప్పుడల్లా మేస్త్రి ఊపిరి బిగబట్టేవాడు. ఇంత భయం పైన ఎన్నడూ ఎరగడు. బేకరీలో పొట్లాలు కడుతున్న మనిషికి ఆ పెట్టె కూడా కనిపించదు కదా అని తోచి, రంగులో కర్ర తిప్పడం మరిచిపోయాడు. మధ్యాహ్నం పని పాడైతే పాడైందని పుల్ల కిందికి దిగివచ్చాడు. ఇద్దరూ గోడ నీడలో కూర్చుని ఎవరి డబ్బా వాళ్ళు తిన్నారు.

ఆ రాత్రి మేస్త్రికి మామూలు వేళకే మెలకువ వచ్చింది. పగలు కడుపు నిండా తిన్నా సరే, వచ్చింది. ఒళ్ళంతా చెమట. ఇలాంటివి ఒక్క పూటలో పోవు. కాళ్ళు దారి తెలిసినవి కాబట్టి వంటగదిలోకి తీసుకుపోయాయి. భార్య ఆ పూట బన్నులు కొన్నే తెచ్చింది గానీ, తేవడం మానలేదు. చేతులు అలవాటుగా మూత మీదికి వెళ్ళాయి. మూత వచ్చింది. వెన్న వాసన ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్ళూరాయి. ఒక్కటి, ఒక్కటే తింటే ఏమవుతుంది అని చెయ్యి లోపలికి పోయింది. బన్ను మెత్తగా వేళ్ళకు తగిలింది.

పక్క గదిలో మంచం కిర్రుమంది. ఆమె మెలకువగానే ఉంది. చెవులు రిక్కించుకుని, చీకట్లోకి చూస్తూ, అతను నేల మీద ఉన్నాడో లేదో వింటోంది.

మేస్త్రి చెయ్యి బయటికి తీశాడు. మూతను డబ్బా మీద పెట్టి, అరచేత్తో ఇల్లంతా వినబడేలా ఒక్క చరుపు చరిచాడు. మళ్ళీ తీసి, మళ్ళీ చరిచాడు.

తర్వాత చీకట్లో ఆ డబ్బా పక్కనే నేల మీద కూర్చున్నాడు. భయం పోలేదు, ఆకలీ పోలేదు. పక్క గదిలో భార్య ఊపిరి మెల్లగా బరువెక్కి గురక అయ్యేదాకా అలాగే కూర్చుని విన్నాడు. అప్పుడు లేచి వెళ్ళి పడుకున్నాడు.